సెకండ్ కజిన్, కజిన్ వన్స్ రిమూవ్డ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నాన్నకు కజిన్ అయిన మనిషి మనకు ఏమవుతారు? చాలామంది ఆలోచించకుండా “సెకండ్ కజిన్” అనేస్తారు. కాదు, ఆయన ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే ఈ రెండింటినీ కలిపేస్తుంటారు కాబట్టి తడబడినందుకు సిగ్గుపడక్కర్లేదు. వంశవృక్షం గీసేటప్పుడు, ఫారం నింపేటప్పుడు, డీఎన్‌ఏ ఫలితం చూసుకునేటప్పుడు తిరిగి తిరిగి వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గర దిగినా దాని జవాబు అక్కడే ఉంటుంది.

## ముందుగా: మాటల అర్థం

సెకండ్ కజిన్‌కీ, ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్‌కీ తేడా ఒక్క ముక్కలో చెప్పగలరా?

సెకండ్ కజిన్ మీ తరం మనిషి. వన్స్ రిమూవ్డ్ అంటే మీకన్నా ఒక తరం పైనో కిందో ఉన్న మనిషి. మీ నాన్నగారి ఫస్ట్ కజిన్ మీకు ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్. ఆయన కొడుకు లేదా కూతురు మీకు సెకండ్ కజిన్. ఫస్ట్, సెకండ్, థర్డ్ అనే అంకె ఇద్దరికీ ఉమ్మడి అయిన పెద్దలు ఎంత పైన ఉన్నారో చెబుతుంది. వన్స్, ట్వైస్ అనే మాట ఇద్దరి మధ్య తరాల తేడా ఎంతో చెబుతుంది. రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదాన్ని రెండోదానికి బదులుగా వాడటంతోనే గందరగోళమంతా మొదలవుతుంది.

ఫస్ట్ కజిన్ అంటే సరిగ్గా ఎవరు?

మీ అమ్మానాన్నల సొంత తోబుట్టువుల పిల్లలు. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, వీళ్లలో ఎవరి పిల్లలైనా ఫస్ట్ కజిన్లే. మనం అన్న అని పిలిచినా, బావ అని పిలిచినా, వదిన అని పిలిచినా ఇంగ్లిష్‌లో మాట ఒక్కటే.

ఒక్క మెలిక ఉంది. తెలుగులో నాన్న సొంత తమ్ముడూ బాబాయే, నాన్న చిన్నాన్న కొడుకూ బాబాయే. మొదటాయన పిల్లలు ఫస్ట్ కజిన్లు, రెండో ఆయన పిల్లలు సెకండ్ కజిన్లు. అందుకే “మా బాబాయి కొడుకు” అనే వరస ఒక్కటే పట్టుకుని లెక్క కడితే తప్పుతుంది. ఆ బాబాయి నాన్నకు సొంత తమ్ముడా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి.

“రిమూవ్డ్” అంటే బంధుత్వం తెగిపోయిందనా? విడాకుల వల్ల అలా అంటారా?

రెండూ కాదు. ఇక్కడ రిమూవ్డ్ అంటే తరంలో ఎడంగా ఉన్నారని మాత్రమే. ఎవరినీ కుటుంబం నుంచి తీసేయలేదు, విడాకులతో దీనికి పనిలేదు. ఒక తరం ఎడమైతే వన్స్, రెండు తరాలైతే ట్వైస్. మూడైతే త్రీ టైమ్స్ రిమూవ్డ్ అంటారు. థ్రైస్ అన్న మాట పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ నోటి మాటలో తక్కువ.

వన్స్ రిమూవ్డ్ అంటే పెద్దవాళ్లా, చిన్నవాళ్లా?

ఆ మాటను బట్టి చెప్పలేం. అది అద్దంలా రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది. మీ అమ్మగారి ఫస్ట్ కజిన్ మీకు ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్. మీరూ ఆవిడకు అదే. మీ సొంత ఫస్ట్ కజిన్ కూతురు కూడా మీకు అదే అవుతుంది. పిన్ని వరస మనిషికీ, కూతురి వరస పిల్లకూ ఒకే పేరు! ఎవరి గురించి అంటున్నారో తెలియాలంటే “మై మదర్స్ ఫస్ట్ కజిన్” అనో, “మై ఫస్ట్ కజిన్స్ డాటర్” అనో విడమరచి చెప్పడమే మేలు.

తరం తేడా అంటే వయసు తేడాయేనా?

కాదు. తరాన్ని ఉమ్మడి పెద్దల నుంచి దిగివచ్చిన మెట్లతో కొలుస్తారు, పుట్టిన సంవత్సరంతో కాదు. అమెరికా అధ్యక్షులు థియోడర్ రూజ్‌వెల్ట్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఫిఫ్త్ కజిన్లు, అంటే ఒకే తరం. కానీ థియోడర్ 1858లో పుడితే ఫ్రాంక్లిన్ 1882లో పుట్టాడు. ఫ్రాంక్లిన్ భార్య ఎలినార్ పుట్టింది 1884లో, భర్త కన్నా రెండేళ్లే చిన్న. అయినా ఆమె థియోడర్ సొంత తమ్ముడి కూతురు కాబట్టి ఒక తరం కిందికి వస్తుంది. అందుకే పెళ్లికి ముందు నుంచే ఆమె ఫ్రాంక్లిన్‌కు ఫిఫ్త్ కజిన్ వన్స్ రిమూవ్డ్. ఇరవై నాలుగేళ్ల తేడా ఉన్నవాళ్లు ఒకే తరం, రెండేళ్ల తేడా ఉన్నవాళ్లు వేర్వేరు తరాలు.

## లెక్క కట్టేటప్పుడు

ఎవరు ఏ కజినో కనుక్కోవడానికి పద్ధతి ఏమిటి?

కాగితం మీద నాలుగు అడుగుల పని.

1. ఇద్దరికీ ఉమ్మడి అయిన అతి దగ్గరి పెద్దల్ని వెతకండి. సాధారణంగా వాళ్లు భార్యాభర్తల జంట.
2. మీ నుంచి వాళ్ల దాకా ఎన్ని మెట్లో లెక్కపెట్టండి. అమ్మానాన్నలు 1, తాత నానమ్మలు 2, ముత్తాతలు 3, ఆ పైవాళ్లు 4. అవతలి మనిషికీ ఇలాగే చూడండి.
3. రెండు అంకెల్లో చిన్నదాంట్లోంచి 1 తీసేయండి. అది కజిన్ అంకె.
4. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయండి. అది రిమూవ్డ్ అంకె. సున్నా వస్తే రిమూవ్డ్ అనే మాటే అక్కర్లేదు.

ఉదాహరణకు మీ ముత్తాత అవతలి మనిషికి తాత అనుకుందాం. మీకు 3, ఆయనకు 2. చిన్నది 2, ఒకటి తీస్తే 1: ఫస్ట్ కజిన్. తేడా 1: వన్స్ రిమూవ్డ్. ఇద్దరికీ ఆయన ముత్తాతే అయితే 3, 3. ఒకటి తీస్తే 2, తేడా సున్నా: సెకండ్ కజిన్. ఇద్దరికీ 4 అయితే థర్డ్ కజిన్. ఒకరికి 3, మరొకరికి 5 అయితే సెకండ్ కజిన్ ట్వైస్ రిమూవ్డ్.

చిన్న అంకె 1 వస్తే అది కజిన్ బంధుత్వమే కాదు. ఇద్దరికీ 1 అయితే తోబుట్టువులు, ఒకరికే 1 అయితే అంకుల్, ఆంట్, నెవ్యూ, నీస్‌ల లెక్క.

నేను కడితే ప్రతిసారీ ఒకటి ఎక్కువ వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

ఎక్కువమంది తమను తాము 1గా లెక్కపెట్టుకుంటారు. మీరు సున్నా, మీ అమ్మ లేదా నాన్న 1. మనుషుల్ని కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న మెట్లను లెక్కపెట్టాలి.

రెండో తప్పు, చిన్న అంకెకు బదులు పెద్ద అంకెలోంచి ఒకటి తీసేయడం. 2, 3 ఉన్నచోట ఇలా చేస్తే సెకండ్ కజిన్ వన్స్ రిమూవ్డ్ వస్తుంది. రావాల్సింది ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్.

మూడోది కాస్త ఆలస్యంగా బయటపడే తప్పు: అతి దగ్గరి ఉమ్మడి పెద్దల దగ్గర ఆగకుండా ఇంకా పైకి వెళ్లిపోవడం. ఇద్దరికీ తాత ఒక్కడే అయితే ముత్తాతా ఒక్కడే అవుతాడు మరి. వంశవృక్షంలో పైన పెద్ద పేరున్న పూర్వీకుడు ఉంటే అందరూ ఆయన దగ్గర నుంచే లెక్క మొదలుపెడతారు. అలా చేస్తే ఫస్ట్ కజిన్ కాస్తా సెకండ్ కజిన్ అయిపోతాడు.

మా తాతగారి తమ్ముడు, ఆయన పిల్లలు, మనవలు నాకు ఏమవుతారు?

తాతగారి తమ్ముడు గ్రేట్ అంకుల్. గ్రాండ్ అంకుల్ అని కూడా అంటారు, రెండూ ఒకటే. అక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగుతూ రండి. ఆయన కొడుకు మీకు ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్. ఆయన మనవడు సెకండ్ కజిన్. మునిమనవడు సెకండ్ కజిన్ వన్స్ రిమూవ్డ్. మునిమనవడి కొడుకు సెకండ్ కజిన్ ట్వైస్ రిమూవ్డ్.

ఈ వరసలో గమనించాల్సింది ఒకటుంది. మీ తరం దాకా దిగుతుంటే రిమూవ్డ్ తగ్గుతూ కజిన్ అంకె పెరుగుతుంది. మీ తరం దాటాక కజిన్ అంకె ఇక కదలదు, రిమూవ్డ్ ఒక్కటే పెరుగుతుంది. ఈ ఒక్క కొమ్మను కాగితం మీద గీసి గోడకు అంటించుకుంటే మిగతా కొమ్మలన్నీ అదే అచ్చులో ఒదుగుతాయి.

మా నాన్నగారి సెకండ్ కజిన్ నాకు థర్డ్ కజిన్ అవుతారా?

అవ్వరు. సెకండ్ కజిన్ వన్స్ రిమూవ్డ్ అవుతారు. ఒక తరం దిగారు కాబట్టి అంకెకు ఒకటి కలపాలనిపించడం సహజమే. కానీ ఇద్దరూ ఒక్కో తరం దిగితేనే కజిన్ అంకె పెరుగుతుంది. దిగింది మీవైపు మాత్రమే. నాన్నగారి సెకండ్ కజిన్ పిల్లలు మీకు థర్డ్ కజిన్లు.

మా కజిన్ కొడుకు నాకు నెవ్యూ కాదా?

ఇంగ్లిష్ లెక్కలో కాదు. నెవ్యూ అంటే సొంత అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కొడుకు, లేదా భార్య, భర్త తోబుట్టువుల కొడుకు. ఫస్ట్ కజిన్ కొడుకు ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్. ప్రేమగా నెవ్యూ అని పిలిస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. వీలునామాలోనో, వీసా ఫారంలోనో అలా రాస్తే మాత్రం చిక్కే. అక్కడ నెవ్యూకు చట్టపరమైన అర్థం ఉంటుంది, ఆ రాతకు ఆధారం చూపమంటారు. మనకు అన్న వరసవాడి కొడుకు కొడుకు వరస, అక్క వరస ఆమె కొడుకు మేనల్లుడు కాబట్టి ఈ తప్పు తెలుగువాళ్ల చేతిలో ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

## తిరకాసు సందర్భాలు

ఇద్దరి మధ్య రెండు దారుల్లో చుట్టరికం ఉంటే ఏది రాయాలి?

రెండూ నిజమే. ఒక్కటే రాయాలంటే దగ్గరిది రాస్తారు. రెండో ఎలిజబెత్ రాణి, ఆమె భర్త ఫిలిప్ దీనికి మంచి ఉదాహరణ. విక్టోరియా రాణి వైపు నుంచి చూస్తే ఇద్దరూ ఆమె మునిమనవల పిల్లలు, మెట్లు 4, 4. కాబట్టి థర్డ్ కజిన్లు. డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్ వైపు నుంచి చూస్తే ఆయన ఫిలిప్‌కు ముత్తాత, ఎలిజబెత్‌కు ముత్తాత తరం కన్నా ఒక మెట్టు పైన. మెట్లు 3, 4. కాబట్టి సెకండ్ కజిన్లు వన్స్ రిమూవ్డ్. ఒకే జంట, ఒక దారిలో ఒకే తరం, మరో దారిలో వేర్వేరు తరాలు. మీ వంశవృక్షంలో రెండు జవాబులు వచ్చాయంటే తప్పు కట్టినట్టు కాదు. ఏ దారిలో ఏది వచ్చిందో పక్కన రాసుకోండి.

డబుల్ కజిన్ అంటే?

ఇద్దరు అన్నదమ్ములు ఇద్దరు అక్కచెల్లెళ్లను చేసుకుంటే రెండు జంటల పిల్లలు ఒకరికొకరు డబుల్ ఫస్ట్ కజిన్లు. మామూలు ఫస్ట్ కజిన్లకు తాతా నానమ్మా, లేదా తాతా అమ్మమ్మా, ఒక జంటే ఉమ్మడి. వీళ్లకు రెండు జంటలూ ఉమ్మడే. సగటున డీఎన్‌ఏలో 25 శాతం పంచుకుంటారు, మామూలు ఫస్ట్ కజిన్లు 12.5 శాతమే. అన్న ఒక కుటుంబంలో, తమ్ముడు వేరే కుటుంబంలో చేసుకుంటే డబుల్ కాదు.

తాత ఒక్కరే, నానమ్మలు వేరు. అప్పుడు ఏమంటారు?

హాఫ్ కజిన్ అంటారు. ఉమ్మడి పెద్దలు జంటగా కాక ఒక్కరే ఉన్నారన్నమాట. ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్, గణాంక శాస్త్రంలో పేరున్న ఫ్రాన్సిస్ గాల్టన్ అలాంటివాళ్లే. ఇద్దరికీ ఎరాస్మస్ డార్విన్ తాత. చార్లెస్ తండ్రి ఆయన మొదటి భార్య కొడుకు, గాల్టన్ తల్లి రెండో భార్య కూతురు. మాటల్లో హాఫ్ వదిలేసి కజిన్ అంటే తప్పు లేదు. వంశవృక్షంలో, డీఎన్‌ఏ పోల్చేటప్పుడు మాత్రం వదలకూడదు, పంచుకునే డీఎన్‌ఏ సగానికి పడిపోతుంది కనుక.

అచ్చం ఒకేలా ఉండే కవలల పిల్లలు కూడా ఫస్ట్ కజిన్లేనా?

బంధుత్వం ప్రకారం ఫస్ట్ కజిన్లే. జన్యువుల ప్రకారం చూస్తే హాఫ్ సిబ్లింగ్స్ (తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడి అయిన తోబుట్టువులు) అంత దగ్గర, సగటున 25 శాతం. ఏక పిండ కవలల డీఎన్‌ఏ దాదాపు ఒకటే కావడం దీనికి కారణం. పరీక్ష ఫలితంలో కజిన్‌కు బదులు హాఫ్ సిబ్లింగ్ అని వస్తే కంగారుపడే ముందు కవలలు ఉన్నారేమో చూడండి.

దత్తత వచ్చినవాళ్లూ, మారుటి సంబంధం వాళ్లూ?

చట్టబద్ధంగా దత్తత తీసుకున్న బిడ్డ వంశవృక్షంలో సొంత బిడ్డతో సమానం. కజిన్ లెక్కంతా మామూలుగానే వర్తిస్తుంది. మారు తల్లి లేదా మారు తండ్రి తోబుట్టువుల పిల్లలు స్టెప్ కజిన్లు, రక్తసంబంధం ఉండదు. కజిన్ భార్యకూ భర్తకూ కజిన్ ఇన్ లా అనే మాట ఉంది గానీ “మై కజిన్స్ వైఫ్” అనడమే వాడుక.

## ఫారాలు, డీఎన్‌ఏ

డాక్టర్ ఇచ్చిన ఫారంలో సెకండ్ డిగ్రీ రిలేటివ్ అని ఉంది. సెకండ్ కజిన్ పేరు రాయాలా?

వద్దు. ఆ రెండు అంకెలకూ సంబంధం లేదు. వైద్యంలో ఫస్ట్ డిగ్రీ అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు. సెకండ్ డిగ్రీ అంటే తాత నానమ్మలు, మనవలు, తల్లిదండ్రుల తోబుట్టువులు, తోబుట్టువుల పిల్లలు, ఒక్క తల్లో ఒక్క తండ్రో ఉమ్మడి అయినవాళ్లు. ఫస్ట్ కజిన్ థర్డ్ డిగ్రీలోకి వస్తారు. ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ నాలుగు, సెకండ్ కజిన్ ఐదు. వంశపారంపర్య జబ్బుల ఫారాల్లో సాధారణంగా థర్డ్ డిగ్రీ దాటి అడగరు.

చట్టాల్లో కనిపించే డిగ్రీ మళ్లీ వేరు. సివిల్ పద్ధతిలో మీ నుంచి ఉమ్మడి పెద్దల దాకా పైకి ఎక్కిన మెట్లు, అక్కడి నుంచి అవతలి మనిషి దాకా దిగిన మెట్లు కలుపుతారు. ఫస్ట్ కజిన్ 2+2, నాలుగో డిగ్రీ. ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ 2+3, ఐదు. సెకండ్ కజిన్ 3+3, ఆరు. ఒకే మనిషికి మూడు అంకెలు, మూడు పద్ధతులు. ఫారంలో డిగ్రీ అని కనిపిస్తే అది ఏ పద్ధతో అందులోని వివరణ చదివి తేల్చుకోకుండా అంకె రాయకండి.

రిలేషన్‌షిప్ గడిలో ఏం రాస్తే సమస్య రాదు?

చోటు ఉంటే దారి రాయండి: “ఫాదర్స్ ఫస్ట్ కజిన్”, “ఫస్ట్ కజిన్స్ సన్”. చదివేవాళ్లకు రిమూవ్డ్ లెక్క రాకపోయినా అర్థమవుతుంది, పైతరమో కింది తరమో కూడా తెలిసిపోతుంది. చోటు లేకపోతే ఒట్టి కజిన్ రాయొచ్చు. దగ్గరి బంధువులా కనిపిస్తారని బ్రదర్ అనో, అంకుల్ అనో రాయడం అన్నిటికన్నా చెడ్డ పని. తర్వాత అడిగే పుట్టిన తేదీ పత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు కలవవు.

డీఎన్‌ఏ పరీక్షలో “ఫస్ట్ టు సెకండ్ కజిన్” అని వచ్చింది. ఇంతకీ ఏది?

పరీక్ష బంధుత్వాన్ని చూడదు, ఇద్దరూ పంచుకున్న డీఎన్‌ఏ ఎంతో కొలుస్తుంది. సగటున ఫస్ట్ కజిన్లు 12.5 శాతం, ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ 6.25 శాతం, సెకండ్ కజిన్లు 3.125 శాతం పంచుకుంటారు. ఇవి సగటులే, అసలు కొలతలు బాగా అటూ ఇటూ అవుతాయి. పంచుకున్న డీఎన్‌ఏను సెంటీమోర్గాన్ అనే ప్రమాణంలో కొలుస్తారు. ఏ బంధువులు ఎంత పంచుకుంటారో సేకరించిన షేర్డ్ సెంటీమోర్గాన్ ప్రాజెక్ట్ 2020 నాటి పట్టికలో ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ సగటు 433 సెంటీమోర్గాన్లు, విస్తృతి 102 నుంచి 980. సెకండ్ కజిన్ సగటు 229, విస్తృతి 41 నుంచి 592. అంటే 300 వచ్చిన ఫలితం రెండింటిలో ఏదైనా కావచ్చు. పైగా హాఫ్ కజిన్ సగటు కూడా 6.25 శాతమే.

ఇలాంటప్పుడు అంకెను వదిలి అవతలి మనిషి పుట్టిన సంవత్సరం, తాత ముత్తాతల పేర్లు అడగండి. ముత్తాత పేరు ఇద్దరి జాబితాలోనూ ఒకే వరసలో కనిపిస్తే సెకండ్ కజిన్. మీకు ముత్తాత అయిన పేరు వాళ్ల జాబితాలో తాత గడిలో కనిపిస్తే వన్స్ రిమూవ్డ్.

## మాటల్లో, రాతలో

కజిన్ బ్రదర్, కజిన్ సిస్టర్ అనొచ్చా?

భారతీయ ఇంగ్లిష్‌లో చెల్లుతుంది. బయట, ముఖ్యంగా బ్రిటిష్, అమెరికన్ వాడుకలో ఇది వింతగా వినిపిస్తుంది. కజిన్ అంటే తోబుట్టువు కాదు, పక్కనే బ్రదర్ అంటే వాళ్లకు ఇంతకీ ఏదో తేలదు. ఆడా మగా తెలియజేయాలంటే తర్వాతి వాక్యంలో హీ, షీ వస్తే చాలు.

మాట్లాడేటప్పుడు ఇంత లెక్క అవసరమా?

చాలాసార్లు లేదు. కజిన్ అంటే సరిపోతుంది, వివరం కావాలంటే “డిస్టంట్ కజిన్” అనొచ్చు. అయితే సెకండ్ కజిన్ అని అంకె పెట్టి అంటే సరైన అంకే పెట్టాలి. తెలియకపోతే అంకె పెట్టకపోవడం నయం.

బహువచనం ఎక్కడ పెట్టాలి? హైఫన్ ఉండాలా?

బహువచనం కజిన్ మీద పెడతారు: ఫస్ట్ కజిన్స్ వన్స్ రిమూవ్డ్. రిమూవ్డ్ చివర ఎస్ రాదు. మధ్యలో కామా గానీ, హైఫన్ గానీ అక్కర్లేదు. వంశవృక్ష పట్టికల్లో 1సి1ఆర్, 2సి అని కుదించి రాస్తారు: ముందు అంకె కజిన్‌ది, తర్వాత అంకె రిమూవ్డ్‌ది. “ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ ఇల్లు” అనే అర్థంలో రిమూవ్డ్ చివర అపాస్ట్రఫీ, ఎస్ తగిలించడం వ్యాకరణానికి సరిపోయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మనిషి పేరు రాసి, బంధుత్వం ఆ తర్వాత చెప్పండి.